రెండు అబద్ధాల నడుమ ఒక గ్రామం

ప్రభువులు రాయించిన చరిత్రలో అబద్ధాలున్నాయని చెప్పినంత మాత్రాన విమర్శ అయిపోదు. అది విమర్శకు మొదటి మెట్టు. మన అభ్యుదయ విమర్శకులలో చాలామంది ఆ మెట్టు మీదనే నిలబడి మేడ ఎక్కామనుకుంటున్నారు. ఆస్థానంలో పుట్టిన గ్రంథం అబద్ధం, భూమిలో దొరికిన చెక్కముక్క నిజం. ప్రశస్తి అబద్ధం, లెక్కల కాగితం నిజం. ఇదీ వారి సూత్రం. ఈ సూత్రం ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ మనలను దారి తప్పిస్తుందో చూపటానికి జపాన్ ప్రాచీన పత్రాలకంటె మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. అబద్ధాలను ఏరి పారవేయటం చరిత్రకారుని పని కాదు, ప్రతి అబద్ధానికి యజమాని ఎవరో కనుక్కోవటమే అతని పని అని నా వాదం. ఈ వాదాన్ని ఒకే ఒక్క గ్రామం మీద పెట్టి పరీక్షించదలచాను. ఆ గ్రామం పేరు నిమా. పశ్చిమ జపాన్‌లో, పూర్వం బిత్చూ అని పిలిచిన రాష్ట్రంలో ఉన్నది. దాని దగ్గరకు పోయేముందు సూత్రం ఎలా పుట్టిందో చెప్పుకోవాలి.

జపాన్ ప్రభుత్వం తన చరిత్రను తానే రాయించుకున్నది. 720లో పూర్తయిన ‘నిహోన్ షోకి’ 30 సంపుటాలు. దేవతల సంతతి చక్రవర్తులై, వంశం తెగకుండా పాలించారని అందులోని కథ. ఈ కథ పాతకాలంలోనే ఆగిపోయి ఉంటే మనకు దానితో పేచీ లేదు. మొదటి చక్రవర్తి జిమ్ము సింహాసనమెక్కి 2600 ఏళ్ళయిందని 1940లో, చైనా మీద యుద్ధం నడుస్తూ ఉండగా, దేశమంతటా ఉత్సవాలు జరిపించారు. అదే సంవత్సరం త్సుదా సోకిచి అనే ఆచార్యుని గ్రంథాలు నాలుగింటిని నిషేధించారు. ఆయన విప్లవకారుడేమీ కాడు. చక్రవర్తి అంటే గౌరవమున్న మనిషే. ఆయన చేసినదల్లా షోకిలోని తొలి భాగాలు తరువాతివారి కల్పన అని అక్షరం అక్షరం చూసి చెప్పటం. 1942లో కోర్టు ఆయనకూ, ఆయన ప్రచురణకర్తకూ శిక్ష విధించింది. పాఠ్యవిమర్శ అంటే చలువరాతి గదిలో కూర్చుని చేసే పండిత వినోదమనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

యుద్ధం ముగిసిన తరువాత ఈ విమర్శ వరదలాగా వచ్చింది. అందులో అన్నిటికంటె ప్రసిద్ధమైన తగాదా ఒక్క అక్షరం గురించి. 646లో చక్రవర్తి ప్రభుత్వం భూమినంతా, జనాన్నంతా తన కిందకి తెచ్చుకుంటూ ఒక సంస్కరణ శాసనం వెలువరించిందని షోకి చెప్పుతుంది. ఆ శాసన పాఠంలో జిల్లాకు ఒక అక్షరం వాడారు. 1951లో ఇనోవె మిత్సుసదా అనే యువ చరిత్రకారుడు లేచి, ఆ కాలంలో జిల్లాకు రాసే అక్షరం అది కాదు, వేరొకటి అన్నాడు. రెంటినీ చదివేది ‘కోరి’ అనే, తేడా రాతలోనే. కాని రాతలో తేడా ఉన్నదంటే శాసన పాఠం అప్పటిది కాదన్నమాట, 701లో ధర్మశాస్త్రం వచ్చిన తరువాత దిద్దినదన్నమాట. ఆయన గురువు సకమోతో తారో ఒప్పుకోలేదు. గురుశిష్యుల వాదం పదిహేనేళ్ళకు పైగా నడిచింది. చివరకు 1967లో, 694 నుంచి 710 వరకు రాజధానిగా ఉండిన ఫుజివర కోట త్రవ్వకాలలో ఒక చెక్కముక్క బయటపడ్డది. పన్ను మూటకు కట్టే చీటీ అది. 699వ సంవత్సరానికి సరిపోయే తేదీ, ఊరి పేరు, జిల్లా పేరు దాని మీద ఉన్నాయి. జిల్లాకు రాసినది పాత అక్షరమే! వాదం అక్కడితో తీరిపోయింది. ప్రజలు 1948లో వదిలించుకున్న జిమ్ము పట్టాభిషేక దినాన్ని ప్రభుత్వం పేరు మార్చి మళ్ళీ సెలవుదినంగా తెచ్చి, మొదటిసారి జరిపినది కూడా ఆ 1967లోనే. కాకతాళీయమే అయినా చెప్పుకోదగిన విషయం.

ఆ తరువాత చెక్కముక్కల మీద చెక్కముక్కలు. 1988లో నారా నగరంలో పెద్ద దుకాణ భవనం కట్టబోయే చోట నాగయా రాకుమారుని ఇల్లు బయటపడి, ఒక్క చోటనే 35 వేల దాకా దొరికాయి. ఇప్పటికి దేశం మొత్తం మీద దొరికినవి మూడు లక్షలు దాటాయి. గ్రంథం ఓడిపోయింది, చెక్క గెలిచింది. అభ్యుదయ చరిత్రకారులు సంతోషించారు, సంతోషించవలసినదే.

కాని ఈ విజయం ఒక చెడ్డ అలవాటును కూడా నేర్పింది. చీటీ నిజం చెప్పుతుందంటున్నాము. ఎవరి నిజం? ఆ చీటీ రాసినవాడు ప్రభుత్వ లేఖకుడు. కట్టినది పన్ను మూటకు. ఆ మూటను తన తిండి తాను మోసుకుంటూ రాజధానికి చేర్చి, తిరుగు దారిలో ఆకలితో పడిపోయినవాడి గురించి చీటీలో ఏమీ ఉండదు. గ్రంథం ప్రభుత్వం లోకానికి చెప్పుకున్న మాట. చీటీ ప్రభుత్వం తనకు తాను చెప్పుకున్న మాట. రెండవది మొదటిదానికంటె నమ్మదగినదే. అంతమాత్రాన అది ప్రజల మాట అయిపోదు. లెక్క అంటే వాస్తవం అని భ్రమపడటం వర్తకునికి సహజం, మార్క్సిస్టుకు తగదు.

ఇక నిమాకు వద్దాము. 914లో దైగో చక్రవర్తి, దేశపరిస్థితి గురించి దాచకుండా చెప్పండని అధికారులను అడిగాడు. మియోషి కియోయుకి అనే వృద్ధ పండితుడు 12 అంశాలతో ఒక విజ్ఞప్తి సమర్పించాడు. జపాన్ చరిత్ర చదివేవారు దీనిని తప్పక చదువుతారు. కియోయుకి నిజాయితీపరుడు. చీనా సాహిత్యం పుక్కిటపట్టినవాడు. 893లో బిత్చూ రాష్ట్రానికి ఉపపాలకుడుగా వెళ్ళి వచ్చినవాడు. పీఠికలోనే ఆయన నిమా గ్రామం కథ చెప్పుతాడు. దాని సారాంశం నా మాటలలో ఇది. 660లో చీనా, సిల్లా సేనలు కొరియాలోని బెక్జె రాజ్యం మీద పడ్డవి. సహాయం చేయటానికి సైమెయ్ చక్రవర్తిని పడమరకు బయలుదేరింది. దారిలో ఈ ఊరు కళకళలాడుతూ కనిపించింది. సైనికులను సమకూర్చమంటే ఈ ఒక్క ఊరి నుంచి ఇరవై వేలమంది వచ్చారు! ఆమె సంతోషించి ఊరికి ‘ఇరవై వేలు’ అని అర్థం వచ్చే పేరు పెట్టింది. తరువాత ఆమె చనిపోగా ఆ సేనను పంపనేలేదు.

ఈ కథ తరువాత కియోయుకి అంకెలు ఇస్తాడు. 765–767 నడుమ కిబి నో మకిబి మంత్రి ఆ ఊరిలో పన్ను కట్టవలసిన మగవారిని లెక్కిస్తే 1,900 పైచిలుకు ఉన్నారు. 860 ప్రాంతంలో ఫుజివర నో యసునోరి లెక్కిస్తే 70 పైచిలుకు. కియోయుకి తానే వెళ్ళి లెక్కిస్తే ముసలివారు ఇద్దరు, నిండు వయసువారు నలుగురు, కుర్రవారు ముగ్గురు, మొత్తం తొమ్మిదిమంది. 911లో ఆ రాష్ట్రం నుంచి తిరిగివచ్చిన ఫుజివర నో కింతోషిని అడిగితే, ఇప్పుడు ఒక్కడూ లేడన్నాడు. ఇరవై వేల నుంచి సున్న వరకు, రెండున్నర శతాబ్దాలలో. ఒక్క ఊరిని చూసి దేశమంతటి గతి ఊహించండి అని ఆయన చక్రవర్తితో అంటాడు.

చదివినవాడి గుండె బరువెక్కుతుంది. నాకూ బరువెక్కింది. ప్రాచీన రాజ్యం క్షీణించిపోవటానికి ఇంతకంటె సూటి సాక్ష్యం లేదని పాఠ్యపుస్తకాలు రాసేవారికీ, ప్రజల రక్తం పీల్చి గ్రామాలను నిర్మానుష్యం చేసిన పాలకవర్గానికి ఇంతకంటె నేరపత్రం లేదని మనవారికీ అనిపించటం సహజం. ఇద్దరూ అంకెలను నమ్మారు. నేను ఆ అంకెలను ఒకదాని పక్కన ఒకటి కాక, ఒక్కొక్కటి విడివిడిగా పట్టుకుని అడగదలచాను: నిన్ను కన్నది ఎవరు?

మొదట ఇరవై వేలు. 663లో కొరియాకు పంపిన సేన మొత్తం 27 వేలని షోకి చెప్పుతున్నది. ఆ సంఖ్య కూడా తగ్గించి చెప్పినదని ఎవరూ అనుమానించరు. దేశమంతా కలిసి 27 వేలమందిని పంపితే, ఒక్క గ్రామం ఇరవై వేలమందిని ఇవ్వగలదా? ఇది లెక్క కాదు, పేరుకు అల్లిన కథ. ఆ కథ ఎక్కడిదో కియోయుకి స్వయంగా చెప్పాడు: ఆ రాష్ట్రపు ‘ఫుదోకి’లో చదివానని. ఫుదోకిలు ఎలా పుట్టాయి? 713లో ప్రభుత్వం అన్ని రాష్ట్రాలకు ఉత్తర్వు పంపింది. ఊళ్ళ పేర్లు మంచి అక్షరాలతో రాయండి, అక్కడ పండేవి, దొరికేవి రాయండి, నేల సారం రాయండి, స్థలాల పేర్లు ఎలా వచ్చాయో రాసి పంపండి అని. పేరు ఎలా వచ్చిందో తెలియని అధికారి ఏమి చేస్తాడు? ఒక చక్రవర్తిని ఊరి గుండా నడిపిస్తాడు. ఫుదోకిలలో చక్రవర్తులు అలసట లేకుండా నడుస్తూనే ఉంటారు. మన కైఫియతులు చదివినవారికి ఇది కొత్త కాదు. అక్కడా ప్రతి ఊరి పేరు వెనుక ఒక ఋషో, ఒక రాజో ఉంటాడు. నిమా అనే పలుకు ముందు ఉన్నది. ఇరవై వేలు అనే అక్షరాలు దానికి తరువాత తొడిగారు. అక్షరాల నుంచి సైన్యం పుట్టింది. ఈ అబద్ధం పైనుంచి వచ్చినది. మీ నేల, మీ ఊరు, మీ ఊరి పేరు కూడా చక్రవర్తి చూపు పడిన తరువాతనే పుట్టాయని చెప్పటం దాని పని.

ఇక 1,900. దీనిని ఇంతవరకు అందరూ గట్టి అంకె అనుకుంటారు. ఎందుకంటే ఇక్కడ కథ లేదు, గణన ఉన్నది. నాకు ఇక్కడే పెద్ద అనుమానం. చట్టం ప్రకారం ఒక గ్రామం అంటే 50 కుటుంబాలు. ఆ ‘కుటుంబం’ మనం అనుకునే సంసారం కాదు, కొన్ని సంసారాలు కలిసిన పెద్ద ముద్ద. ఇది నిజమైన బంధువర్గమా, అధికారులు లెక్కకోసం కట్టిన మోపా అని జపాన్ చరిత్రకారులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఏదైనా సరే, ఒక గ్రామంలో మనుషులెందరుంటారో చూడటానికి మనకు ఒక అదృష్టం మిగిలి ఉన్నది. తూర్పున షిమోసా రాష్ట్రంలోని ఓషిమా గ్రామపు కుటుంబ పట్టిక, 721 నాటిది, షోసోయిన్ భాండాగారంలో దొరికింది. (పట్టిక కాలం చెల్లిన తరువాత దాని వెనుక వైపు ఖాళీగా ఉన్నదని, బౌద్ధ సూత్రాలు నకలు రాసే కార్యాలయంవారు తమ కూలి లెక్కలకు వాడుకున్నారు. అందువల్ల బ్రతికింది. ప్రభుత్వం భద్రపరచినందువల్ల కాదు.) ఓషిమాలో 50 కుటుంబాలు, 1,191 మంది మనుషులు. ఆడవారు, పిల్లలు, ముసలివారు, అందరూ కలిసి. కుటుంబానికి సగటున 24 మందికి తక్కువ.

నిమాలో పన్ను కట్టే మగవారే 1,900 మంది అంటే కుటుంబానికి 38 మంది. ఆడవారిని, పిల్లలను కలిపితే ఆ ఊరు ఓషిమాకు ఎన్ని రెట్లో పాఠకులే లెక్క కట్టుకోవచ్చు. నిమా పెద్ద ఊరై ఉండవచ్చుగదా అంటారేమో. పెద్దదైతే దానిని విడగొట్టి మరొక గ్రామం చేయాలనే చట్టం అంటున్నది. కనుక 1,900 అనేది ఒక గ్రామపు లెక్క అయి ఉండటానికి వీలు లేదు. ఎక్కువ విశాలమైన ప్రాంతానిదైనా అయి ఉండాలి, పెంచి చెప్పినదైనా అయి ఉండాలి. చెప్పినవాడు ఎవరు? మకిబి వంశం ఆ జిల్లాదే. ఆ జిల్లా మీద పెత్తనం తరతరాలుగా వారిది. తన సొంత గడ్డ ఎంత నిండుగా ఉన్నదో చెప్పుకోవటంలో ఒక స్థానిక ప్రభువుకు ఉండే ఆసక్తిని మరచిపోయి ఈ అంకెను చదవరాదు. ఇది నా ఊహ. కాని గాలిలోనుంచి తీసిన ఊహ కాదు, ఓషిమా లెక్క దానికి ఆధారం.

డెబ్బై, తొమ్మిది, సున్న. ఇవి కల్పితాలు కావు. కియోయుకి నిజంగానే లెక్కించాడు, నిజంగానే తొమ్మిదిమంది కనిపించారు. అయితే యసునోరి ఎప్పుడు లెక్కించాడు? ఏటేటా రాజధానికి పంపే పెద్ద చిట్టా తయారు చేసే సందర్భంలో. ఏ వర్గాన్ని లెక్కించాడు? మనుషులను కాదు, పన్ను కట్టవలసిన మగవారిని. మనుషులు, పన్ను కట్టవలసిన మగవారు అనే ఈ రెండు మాటల నడుమ ఉన్న అగాధంలోనే నిమా గ్రామం పడిపోయింది.

ఆ అగాధం ఎంత లోతో తెలియాలంటే అప్పటి పన్ను పద్ధతి కొంచెం చెప్పుకోవాలి. ఆరేళ్ళు నిండిన ప్రతి మనిషికీ ప్రభుత్వం పొలం ఇస్తుంది. మగవాడికి ఎంతో, ఆడదానికి అందులో మూడింట రెండు వంతులు. పొలం మీద శిస్తు స్వల్పం. అసలు భారం మనిషి మీద, అదీ మగవాడి మీద: బట్ట రూపంలో పన్ను, వెట్టికి బదులు పన్ను, దానిమీద స్థానిక వెట్టి, దానిమీద సైన్యం. స్త్రీకి ఇవేవీ లేవు. (పన్నుకు ఇచ్చే బట్టను నేసేది మాత్రం ఎక్కువగా ఆవిడే. చిట్టాలో ఆ బట్ట మగవాడి పేర జమ అవుతుంది.) అంటే పట్టికలో స్త్రీగా నమోదు కావటం లాభం, మగవాడుగా నమోదు కావటం నష్టం. చట్టమే మనుషులకు అబద్ధం నేర్పింది.

ఆ పాఠాన్ని మనుషులు ఎంత బాగా నేర్చుకున్నారో షికోకు దీవిలోని అవా రాష్ట్రంలో, తనొకమి గ్రామపు 902 నాటి పట్టిక చూపుతుంది. అందులో మిగిలిన భాగంలో 435 మంది. మగవారు 59, ఆడవారు 376! ఇటువంటివాటిని జపాన్ పండితులు ‘దొంగ పట్టికలు’ అంటారు. జనాభా చరిత్రకు పనికిరావని పక్కన పెడతారు. జనాభాకు పనికిరావన్నమాట నిజమే. కాని ఒక సమాజం తన ప్రభుత్వాన్ని ఎలా అర్థం చేసుకున్నదో చెప్పటానికి ఇంతకంటె సత్యమైన పత్రం ఎక్కడ దొరుకుతుంది? 702 నాటి పట్టికలో ప్రభుత్వం మాట్లాడుతున్నది. 902 నాటి పట్టికలో ప్రభుత్వానికి సమాధానం వినిపిస్తున్నది.

ఇప్పుడు తనొకమిని, నిమాను పక్కపక్కన పెట్టండి. ఒకచోట మగవారు మాయమై ఆడవారు పెరిగారు. మరొకచోట మగవారు మాయమై సున్న మిగిలింది. రెండూ ఒకే పని రెండు ముఖాలు. భారం ఉన్న గడిలో పట్టిక కుంచించుకుపోతుంది, లాభమున్న గడిలో ఉబ్బుతుంది. నిమాలో కియోయుకి మనకు ఒక్క గడిని మాత్రమే చూపించాడు. రెండవ గడి, అంటే ఆ ఊరి ఆడవారి లెక్క, ఆయన ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదు? తెలియక కాదు. అదే విజ్ఞప్తిలో పొలాల పంపకం గురించి రాసిన అంశంలో, రాష్ట్రాల పెద్ద చిట్టాలలో ఉన్న జనంలో సగానికి పైగా ఒళ్ళు లేని మనుషులు, పేర్లు మాత్రమే అని ఆయనే ఫిర్యాదు చేశాడు! పీఠికలో చిట్టాను ఆధారం చేసుకుని జనం లేరని ఏడ్చినవాడు, లోపల ఒక అంశంలో లేని జనం చిట్టాలో ఉన్నారని కోప్పడుతున్నాడు. ఒకే మనిషి, ఒకే పత్రం. ఈ వైరుధ్యమే నా వాదానికి మూలస్తంభం.

ఈ వైరుధ్యానికి కారణం కియోయుకి కపటం కాదు, ఆయన చేపట్టిన సాహిత్యరూపం. రాజుకు హితబోధ చేసే చీనా గద్యానికి ఒక కట్టుబాటు ఉన్నది: పూర్వం అంతా సంపన్నం, ఇప్పుడంతా క్షీణం, కనుక ప్రభువు మేలుకోవాలి. వాక్యాలు జంటలు జంటలుగా నడుస్తాయి. ఆ నడకకు ఒక చివర ఇరవై వేలు కావాలి, మరొక చివర సున్న కావాలి. ఫుదోకి మొదటిది ఇచ్చింది, చిట్టా రెండవది ఇచ్చింది. మొదటిది పాలకుడు కిందివారి గురించి చెప్పిన అబద్ధం. రెండవది కిందివారు పాలకునికి చెప్పిన అబద్ధం. ఈ రెండు అబద్ధాలను కలుపుతూ గీసిన గీతకు మనం ‘ప్రాచీన రాజ్య పతనం’ అని పేరు పెట్టి వెయ్యేళ్ళుగా చదువుకుంటున్నాము. ఇంకొక వింత చూడండి. జనమే లేరని కియోయుకి వాపోయిన ఆ దైగో చక్రవర్తి కాలాన్నే తరువాతివారు స్వర్ణయుగమని కీర్తించారు. 14వ శతాబ్దంలో గో-దైగో ఆ పేరునే తగిలించుకుని, ఆ కాలాన్ని తిరిగి తెస్తానని బయలుదేరాడు. స్వర్ణయుగం ఎవరి కాలంలోనూ ఉండదు, ఎప్పుడూ తాతల కాలంలోనే.

నా వాదానికి రెండు ఆక్షేపణలున్నాయి. మొదటిది: అయితే జనం బాధపడలేదంటావా, పారిపోలేదంటావా? ఆ మాట నేను అనలేదు. 735–737లో మసూచి దేశాన్ని ఊడ్చివేసింది. రాజధానికి సమీపంలోనే ఉన్న యమషిరో రాష్ట్రపు 726 నాటి పన్ను చిట్టాలో మనిషి పేరు, వయసు, ముఖం మీద పుట్టుమచ్చ ఎక్కడున్నదో కూడా రాశారు. రాసి, ఆ పక్కనే ఈ మనిషి ఫలానా ఏట పరారీ, ఫలానా రాష్ట్రంలో ఉన్నాడు అని రాశారు. పుట్టుమచ్చ వరకు తెలిసిన ప్రభుత్వానికి మనిషి చేతికి దొరకలేదు. పరారీ అయినవాడు గాలిలో కలిసిపోడు. మరొక ఊళ్ళో, మరొక మోతుబరి పంచన, ఒక దేవాలయపు భూమి మీద నాగలి పడతాడు. కాగితం నుంచి పోయినవాడు చేను నుంచి పోలేదు. ‘గ్రామం ఖాళీ అయింది’ అనే వాక్యంలో ఈ శ్రామికుడు రెండవసారి హత్యకు గురి అవుతున్నాడు.

రెండవ ఆక్షేపణ ఇంకా బలమైనది. పట్టికలు రాసినది రైతులా? కాదు, జిల్లా అధికారులు. వారు స్థానిక నాయకుల కుటుంబాలవారు. ఒళ్ళు లేని ఆడవారి పేర వచ్చే పొలం ఎవరి గాదె నింపుతుంది? ముందు వారి గాదెనే. మరి ఆ అబద్ధాన్ని ప్రజల గొంతు అని ఎలా అంటావు? సరైన ప్రశ్న. ఇషిమొద షో 1971లో ప్రాచీన రాజ్యం మీద రాసిన గ్రంథంలో, ఆ సమాజపు మౌలిక సంబంధం చక్రవర్తికీ రైతుకూ నడుమ ఉన్నది కాదు, స్థానిక నాయకునికీ రైతుకూ నడుమ ఉన్నదే అని వాదించాడు. చక్రవర్తి ప్రభుత్వం ఆ నాయకుని భుజం మీద కూర్చున్నది. ఇది ఒప్పుకుంటే ‘కిందివారి అబద్ధం’ అనే నా మాటను రెండుగా చీల్చాలి. నాయకుడు పట్టికలో చెప్పే అబద్ధం వేరు, రైతు కాళ్ళతో చెప్పే అబద్ధం వేరు. మొదటిది భూమి సంపాదించటానికి, రెండవది బ్రతకటానికి. కొంతకాలం రెండూ కలిసి నడిచాయి. ఎందుకంటే ఇద్దరికీ రాజధాని కన్ను తప్పించుకోవటం అవసరం. తనొకమి పట్టిక ఆ పొత్తుకు సాక్ష్యం. ఆ పొత్తులో ఎవరి వాటా ఎంతో పట్టిక చెప్పదు. నిజాం కాలపు తెలంగాణాలో దేశముఖులు, పట్వారీలు లెక్కల పుస్తకంతోనే రైతుల భూమిని ఎలా మింగారో ఎరిగిన మనకు, కలం పట్టినవాడికీ నాగలి పట్టినవాడికీ ఒకే ప్రయోజనం ఉంటుందన్న భ్రమ ఉండరాదు.

ఈ సందర్భంలో మనవారి మరొక అలవాటును కూడా ప్రస్తావించాలి. ఆసియా నిరంకుశత్వం అనే పరికల్పనను చేతబట్టుకుని, ప్రాచీన జపాన్‌లో భూమి అంతా రాజ్యానిది, జనమంతా రాజ్యానికి బానిసలు అని రాసేవారున్నారు. వారి ఆధారమేమిటి? ఈ పట్టికలే. ప్రతి మనిషీ నమోదయ్యాడు గనుక ప్రతి మనిషీ రాజ్యం గుప్పిట్లో ఉన్నాడని. పట్టిక రాజ్యం కన్న కల. ఆ కలను సామాజిక వాస్తవంగా తీసుకోవటమంటే, ఎర్రసిరాతో రాసినా, షోకి రచయితలు కోరుకున్నదే మనమూ రాయటం.

పదో శతాబ్దం మొదలయ్యేసరికి ప్రభుత్వం మనుషులను లెక్కించటం దాదాపు మానుకున్నది. పన్నును మనిషి మీద నుంచి తీసి పొలం మీద వేసింది. వసూలు బాధ్యతను రాష్ట్రపాలకునికి వదిలివేసింది. 902 తరువాత దేశవ్యాప్తంగా పొలాల పంపకం జరిగిన జాడ లేదు. 911 నాటి నిమా సున్నను ఈ వెలుగులో చదవాలి. అది ఊరి చావు కాదు, ఒక లెక్కింపు పద్ధతి చావు. దానికి 988 నాటి ఓవారి విజ్ఞప్తి సాక్ష్యం. ఆ రాష్ట్రపు జిల్లా అధికారులు, రైతులు కలిసి తమ పాలకుడైన ఫుజివర నో మొతొనాగా దోపిడీని 31 అంశాలలో రాజధానికి నివేదించారు. మరుసటి ఏడు అతన్ని తీసివేశారు. జనమే లేకుంటే 31 అంశాల పొడవున దోచుకోబడినది ఎవరు? అయితే ఆ విజ్ఞప్తి కూడా పండిత చీనా శైలిలోనే, జిల్లా అధికారుల కలం నుంచే వచ్చింది. రైతులు తమ పలుకుబడిలో, తమకు వచ్చిన అక్షరాలలో రాసుకున్న ఫిర్యాదు కావాలంటే 1275 వరకు ఆగాలి. కీయి రాష్ట్రంలోని అజెగవా భూమి రైతులు తమ జమీందారు అక్రమాల మీద కతకన లిపిలో, తప్పులతోనే, 13 అంశాలు రాశారు. దానిని గురించి విడిగా రాయవలసి ఉన్నది; వాడుక భాష కోసం పోరాడిన తెలుగువారికి అది ప్రత్యేకంగా పట్టవలసిన పత్రం.

ఈ పద్ధతిని ముందుకు తీసుకుపోదలచిన విద్యార్థులు చేయవలసిన పని కొంత ఉన్నది. మిగిలిన ప్రతి పట్టికనూ తీసుకుని స్త్రీపురుషుల నిష్పత్తి మాత్రమే కాక, నూరేళ్ళు దాటినవారి సంఖ్య, పరారీలో ఏ వయసువారు ఎక్కువో, వారి జాడ ఏ రాష్ట్రాలలో దొరికిందో లెక్కించాలి. అబద్ధం యాదృచ్ఛికంగా ఉండదు, దానికి ఒక ఆకారం ఉంటుంది. ఆ ఆకారమే ప్రయోజనాన్ని పట్టి ఇస్తుంది. మన గ్రామ కరణాల కవిలెలలో మిగిలినవాటి మీద కూడా ఇదే పరీక్ష జరగాలి. కైఫియతులు ఆ కవిలెలనుంచి ఏమి తీసుకున్నాయో చూసినవారున్నారు. కవిలె రాసిన కరణం ఎవరిని వదిలిపెట్టాడో, ఎందుకు వదిలిపెట్టాడో చూసినవారు తక్కువ.

నిమా ఇప్పటికీ ఉన్నది. ఒకయమా రాష్ట్రంలో కురాషికి నగరానికి చేరిన మాబి ప్రాంతంలో, మకిబి పేరును అవే అక్షరాలతో మోసుకుంటున్న ఆ ప్రాంతంలోనే, ఎగువ నిమా, దిగువ నిమా అని రెండు భాగాలుగా ఉన్నది. ఒక్కడూ లేడని 911లో రాజధానికి కబురు చేరిన ఆ ఊరి పేరును నేటికీ ‘రెండు పదివేలు’ అనే అక్షరాలతోనే రాస్తున్నారు.